ఉప్పాఫీసు తాత పెన్సిల్ మాటలు

మొన్న మంగళవారం మధ్యాహ్నం మా ఆఫీసుకు నా పేరున తంతి వచ్చింది. తంతి అంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. నాకు మరీ. విప్పి చూశాను. ఇంగ్లీషులో రెండే మాటలు. గ్రాండ్‌ఫాదర్ ఎక్స్‌పైర్డ్.

నా సొంత తాతలిద్దరూ నేను పుట్టకముందే పోయారు. కనుక ఆ తాత ఎవరో నాకు వేరే చెప్పనక్కరలేదు. ఏడుపుకంటే ముందు ఆయన గొంతే వినిపించింది. "మనిషి చచ్చిపోతే డైడ్ అనాల పాపా. ఎక్స్‌పైర్ అయ్యేది లైసెన్సు." ఒకసారి ఊళ్లో ఎవరింటికో వచ్చిన తంతి చదివిపెట్టి, బయటికి వస్తూ నాతో అన్నమాట అది. అన్నాడు గాని, తరువాత రెండు రోజులు కుమిలిపోయాడు. "ఆ ఇంటోళ్లు విన్నారంటావా?" అని నన్ను నాలుగుసార్లు అడిగాడు.

ఆయన అంతే. మాట అనేముందు భయం, అన్న తరువాత ఇంకా భయం.

పరాయి పెద్దల గురించి రాసేటప్పుడు అన్నారు, వచ్చారు అని రాయడం మర్యాద. రెండుసార్లు అట్లా మొదలుపెట్టి కొట్టేశాను. నాకు ఇంగ్లీషు నేర్పడం మొదలుపెట్టినప్పట్నుంచీ, పదకొండేళ్లుగా ఆయన నాకు తాత. తాత అన్నాడు, తాత వచ్చాడు. అట్లాగే రాస్తాను. పాఠకులు మన్నించాలి.

విడవలూరుకు తూర్పున, ఉప్పు కాలువ పక్కన మాది చిన్న ఊరు. కాలువ దాటితే ఉప్పు మళ్లు, సవక తోటలు, ఆ తరువాత సముద్రం. తెల్లదొరల కాలంలో తాత ఆ ఉప్పు మళ్ల ఆఫీసులో గుమాస్తాగా చేరి, స్వరాజ్యం వచ్చాక కొన్నేళ్లకు హెడ్ గుమాస్తాగా రిటైరయ్యాడు. ఊరంతటికీ ఆయన ఉప్పాఫీసు తాత. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య కంపదడి. తాత భార్యను మేము అవ్వ అనేవాళ్లం. అవ్వ కోళ్లు దడి దూరి మా పెరట్లో గుడ్లు పెట్టేవి. ఆ గుడ్లు ఎవరివని ఏనాడూ తగాదా రాలేదు.

నయా పైసలు కొత్తగా వచ్చిన రోజులు. నేను ఎస్సెల్సీలో అన్నీ గట్టెక్కి ఇంగ్లీషులో పోయాను. రెండోసారి కట్టాను. మళ్లీ పోయాను. మా నాయనకు ఉబ్బసం. వరి కయ్యలో దిగి నాలుగు అడుగులు వేస్తే గట్టు మీద కూర్చుని రొప్పేవాడు. నా తరువాత ఇద్దరు చెల్లెళ్లు. నాకు ఏదో ఒక ఉద్యోగం వస్తే తప్ప ఇల్లు నిలబడదని అందరికీ తెలుసు, పైకి అనేవాళ్లు కాదు. అనకపోవడమే నాకు ఎక్కువ భయంగా ఉండేది. ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే అరచేతులు చెమర్చేవి.

ఒక సాయంత్రం నాయన నన్ను వెంటబెట్టుకుని దడి చుట్టూ తిరిగి తాత వాకిట్లోకి పోయాడు.

"అన్నా, ఈ పాపకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పు. ఈసారి గూడా పొయ్యిందంటే నేనింక కట్టించలేను."

తాత వెంటనే ఒప్పుకోలేదు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు దాని అంచులు సవరించాడు. "నాకే సరిగ్గా రాదురా తమ్ముడా. రాని మాటతో ఏం పరవాలేదు, దాని జోలికి పోము. వచ్చిందనుకుంటామే, ఆ మాటే కొంప ముంచతాది" అన్నాడు.

అదంతా పెద్దమనిషి వినయమనుకున్నాం. ఇంతలో లోపల్నుంచి అవ్వ గొంతు వినిపించింది. "రేపట్నుంచి రమ్మను. ఈయన ఒక్కడే భయపడతా కూచుంటాడు, ఇంకో మనిషి తోడుంటాది."

అట్లా మొదలైంది నా చదువు.

తాత దగ్గర అట్ట వేసిన పెద్ద నోటుబుక్కు ఉండేది. కొత్త మాట ఏది కనబడినా అందులో ముందు పెన్సిల్‌తో రాసేవాడు. ఆ మాటను మరో మూడు చోట్ల, ముగ్గురు వేరువేరు మనుషులు వాడగా చూసిన తరువాతే దాని మీద సిరాతో దిద్దేవాడు. ఒక రోజు ఆలస్యంగా బస్సులో వచ్చే ఇంగ్లీషు పేపరు, పాత సర్కారు కాగితాలు, మందుసీసాల మీది చీటీలు, ఆఖరికి ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెక్కపెట్టెల మీది అక్షరాలు కూడా వదిలేవాడు కాదు. కొన్ని మాటలు ఏళ్ల తరబడి పెన్సిల్‌లోనే ఉండిపోయేవి. "ఇది ఇంకా నాకు చుట్టమే గాని ఇంటి మనిషి గాదు" అనేవాడు వాటిని చూపించి.

నా చేత కూడా అట్లాంటి పుస్తకమే పెట్టించాడు. రోజుకు ఒక్కటే మాట. నేను రెండో మాట అడిగితే కంగారుపడేవాడు. "అర్థం తెలిస్తే మాట తెలిసినట్టు గాదు పాపా. దాని ఇరుగు పొరుగు తెలియాల. ఎవరి పక్కన కూచుంటాది, ఎవరి పక్కన కూచోదు. ఒక మాట కరువు పక్కన కూచుంటే బాగుంటాది, పెళ్లి పక్కన కూచుంటే నవ్వుతారు."

సిరా పెట్టేముందు ఇంకో పరీక్ష అవ్వది. అవ్వకు ఇంగ్లీషు అక్షరం రాదు. కొత్త మాటను నేను ఆవిడకు మన ఊరి సంగతులతో అర్థమయ్యేట్టు చెప్పాలి. ఒకరోజు మాట రిలక్టెంట్. ఇష్టం లేకపోవడం అన్నాను.

"ఇష్టం లేకపోతే చెయ్యరు గదా" అంది అవ్వ చేటలో బియ్యం ఏరుతూ.

"చేస్తారు అవ్వా. కానీ వెనకా ముందూ ఆడతా చేస్తారు."

అవ్వ చేట ఆపింది. "సందకాడ మా నల్లకోడి గూట్లోకి పొయ్యేటప్పుడు చేస్తాదే, అట్టనా?"

తాత ముఖం వెలిగిపోయింది. "రాయ్ పాపా, రాయ్. నల్లకోడి రిలక్టెంట్."

మూడోసారి పరీక్ష పాసయ్యాను. పేపర్లో నంబర్లు పడే రోజు తాత పొద్దున్నుంచి మెతుకు ముట్టలేదని అవ్వ తరువాత చెప్పింది. నా నంబరు చూసి కూడా నమ్మక, పేపరు తిరగేసి, మళ్లీ చూసి, అచ్చుతప్పు కాదు గదా అని నాయననడిగాడు.

రెండేళ్లకు నెల్లూరులో ఒక ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. ఏ ఆఫీసో రాయను. ఇంకా పర్మనెంటు కాని ఉద్యోగం. వారమంతా మా పిన్నమ్మ ఇంట్లో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరికి వచ్చేదాన్ని. ఆఫీసులో ఆడవాళ్లం ఇద్దరమే. ఎవరైనా పైకి నవ్వితే నా ఇంగ్లీషు చూసి నవ్వారేమోనని అనుమానం. ఆ భయంతోనే పెద్ద పెద్ద మాటల మీద ఆశ పుట్టింది. తాతకు తెలియకుండా డిక్షనరీ ముందేసుకుని రోజుకు పది మాటలు బట్టీ పట్టేదాన్ని. నోట్లో అన్నీ ఉండేవి. వాటి ఇరుగు పొరుగు మాత్రం తెలియదు.

ఆ ఏడు కార్తీకంలో వానలు వదలకుండా పట్టాయి. మా ఆఫీసు కప్పు నా బల్ల మీదనే కారేది. ఒక సాయంత్రం నా దగ్గరున్న ఫైళ్లలో ఒకటి, మైపాడు జాలరి ఒకాయన పడవ అప్పు కోసం పెట్టుకున్న అర్జీ, తడిసిపోతుందని వెనక గది బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎవరికైనా చెప్పాలని ఆ తొందరలో తోచలేదు. ఆ రాత్రి నాకు జ్వరం తగిలింది. రెండు రోజులు లేవలేదు. తాళంచెవి నా సంచిలోనే ఉండిపోయింది.

ఆ రెండు రోజులూ జాలరి వానలో వచ్చి వెళ్లాడట. ఫైలు దొరకలేదు. మూడోరోజు నేను వెళ్లేసరికి బల్ల మీద మెమో ఉంది. ఫైలు ఎందుకు దాచి ఉంచారో సంజాయిషీ ఇవ్వండి, లేకుంటే ఉద్యోగం నుంచి తొలగించవలసి వస్తుంది అని. ఏదో ఆశించే దాచిందని అప్పటికే ఆఫీసులో గుసగుసలు. ఆ మాట నా చెవిన పడ్డాక ఇంట్లో చెల్లెళ్ల ముఖాలు, గట్టు మీద రొప్పుతున్న నాయన, అవే కళ్లముందు.

శనివారం పొద్దున కూర్చుని జవాబు రాశాను. కప్పు కారుతోందని రాస్తే మేనేజరుకు కోపం వస్తుందేమోనని వాన సంగతే ఎత్తలేదు. ఫైలును జాగ్రత్తగా బీరువాలో పెట్టానని చెప్పాలి. కేర్‌ఫుల్లీ అని రాసి కొట్టేశాను. చిన్నపిల్లలు రాసే మాటలా అనిపించింది. డిక్షనరీలో ఎప్పుడో చూసిన మాట గుర్తొచ్చింది. డెలిబరేట్లీ. తొందరపడకుండా, బాగా ఆలోచించి అని అర్థం. నా పుస్తకంలో అది ఇంకా పెన్సిల్‌లోనే ఉంది. అయినా వాక్యంలో పెట్టి చూస్తే ఎంతో హుందాగా కనిపించింది. ఆ ఫైలును నేను డెలిబరేట్లీ బీరువాలో పెట్టి తాళం వేశాను, ఆఫీసు మేలు కోరే ఆ పని చేశాను అని ఇంగ్లీషులో రాశాను.

తాత ఏ కాగితమూ రాసిన రోజే పంపేవాడు కాదు. ఒక రాత్రి డిక్షనరీ కింద పెట్టి, మరునాడు పొద్దున పరాయి మనిషి రాసిందనుకుని చదివితే గాని పోస్టు చెయ్యడు. నేను అంతసేపు ఆగలేకపోయాను. మేనేజరు ఊళ్లో లేడు, సోమవారం వస్తాడన్నారు. ఆఫీసు టపాలో ఇచ్చేసి, నకలు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

ఆదివారం తెల్లవారాక తాత నమాజు ముగించుకుని అరుగు మీద కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పి నకలు చేతికిచ్చాను. కళ్లద్దాలు తుడుచుకుని చదవసాగాడు. వేలు వాక్యం వెంట నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగింది. మళ్లీ కదల్లేదు.

"ఇది ఇచ్చేసినావా?"

"నిన్ననే ఇచ్చేసినాను తాతా. బాగా రాలేదా?"

"ఎవురు చదివినారు?"

"ఇంకా ఎవురూ చదవలా. మేనేజరు రేపొస్తాడు."

తాత కాగితాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. "ఈ మాట ఎవురి పక్కన కూచుంటాదో తెలుసా? కోర్టులో దొంగ పక్కన కూచుంటాది, హంతకుడి పక్కన కూచుంటాది. తెలిసి తెలిసి, కావాలనే చేసినాడని చెప్పేదానికి. కావాలనే దాచినానని నీ చేత్తో నువ్వే రాసిచ్చినావు పాపా."

అరుగు కింద మట్టిలోనే కూర్చుండిపోయాను. ఏడుపు కూడా రాలేదు. అవ్వ లోపల్నుంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

అప్పుడు తాత చెప్పడం మొదలుపెట్టాడు. నా వైపు గాని అవ్వ వైపు గాని చూడలేదు. కాలువ గట్టు వైపు చూస్తూ చెప్పాడు.

ఆయన గుమాస్తాగా చేరిన కొత్త. ఉప్పు మళ్లకు కాపలా జవాను ఒకడుండేవాడు. ఒకరోజు ఒక పేదరాలు కొంగులో ఉప్పు ఎత్తుకుపోతోంది. జవాను దూరం నుంచే చూసి, పక్కనున్న తాతకు కన్ను గీటి సైగ చేశాడు. ఇద్దరూ పోయి ఉప్పు గుమ్మరించి ఆమెను పంపించేశారు. దాని మీద తాత ఇంగ్లీషులో రిపోర్టు రాయాలి. జవాను కన్నుతో సైగ చేశాడని రాయడానికి మాట కావాలి. డిక్షనరీలో కన్నైవ్ అనే మాట దొరికింది. దాని ఎదుట కన్ను గీటడం అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలే ఉన్నాయి. ఎంత చక్కగా సరిపోయిందో అనుకుని, ఉప్పు ఎత్తుకుపోతుంటే జవాను కన్నైవ్ చేశాడని రాసి సంతకం పెట్టాడు.

"చూసీ చూడనట్టు వదిలేసినాడని, దొంగతనంలో కలిసినాడని ఆ మాటకు అర్థం. నాకు తెలియదు. వారం తిరక్కముందే జవానును తీసేసినారు. దొర నన్ను పిలిచి, భేషుగా పట్టుకున్నావని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలుతో తెలిసింది నాకు, ఏం రాసినానో."

"అప్పుడు చెప్పలేదా తాతా?"

"చెప్తే నా పని పొయ్యేది. అప్పుడే పెళ్లైంది." ఒక్కసారి అవ్వ వైపు చూసి తల దించుకున్నాడు. "వాడు పెళ్లాం బిడ్డల్ని పడవెక్కించుకుని కాలువమ్మటే దక్షిణానికి పొయినాడు. నాకు సలాం చేసి మరీ పొయినాడు. తప్పు మాట రాసింది ఒక్క రోజు పాపా. నోరు మూసుకునింది ముప్పై ఏళ్లు."

అవ్వకు కూడా ఆ సంగతి అంతవరకు తెలియదు. దడి అవతల మా అమ్మ నీళ్లు తోడుతున్న చప్పుడు వినిపిస్తోంది. చివరికి అవ్వ, "రేపు మొదటి బస్సుకు పొండి. ఇద్దరూ" అని లోపలికి వెళ్లింది.

సోమవారం మొదటి బస్సులో ఇద్దరం బయలుదేరాం. తాత తెల్ల షేర్వానీ వేసుకున్నాడు, అది పండుగకు తప్ప తీయడు. దారి పొడుగునా గంట ఎంతయిందని కండక్టరును అడుగుతూనే ఉన్నాడు. కోవూరు దాటి పెన్న వంతెన ఎక్కగానే బస్సు ఆగిపోయింది. ముందు బియ్యం బస్తాల లారీ ఇరుసు విరిగి అడ్డంగా నిలిచింది. ఎప్పుడు తీస్తారో తెలియదన్నారు.

"దిగు పాపా."

"తాతా, నీ మోకాలు..."

"దిగు."

కింద పెన్న ఎర్రగా నిండుగా పోతోంది. సన్నగా తుంపర. ఆ పొడుగాటి వంతెన మీద తాత ఒక చెయ్యి పిట్టగోడకు ఆనించి, ఒక కాలు ఈడ్చుకుంటూ నడిచాడు. నేను చెయ్యి పట్టుకుందామంటే వద్దన్నాడు. "నువ్వు ముందు ఉరుకు, నేనొస్తా" అనేవాడు, నేను నాలుగడుగులు ముందుకు పోతే "ఒంటరిగా ఏం చెప్తావు, ఆగు" అనేవాడు. వంతెన చివర జట్కా దొరికింది. ఆఫీసు చేరేసరికి పదిన్నర దాటింది.

మేనేజరు అప్పటికే వచ్చి ఉన్నాడు. నా జవాబు ఆయన చేతిలోనే ఉంది. ఆ మాట కింద ఎర్ర సిరాతో గీత.

"ఇంతకంటే ఒప్పుకోలు ఏం కావాలమ్మా? నేను అడక్కముందే నువ్వే రాసిచ్చినావే" అన్నాడు.

తాత ముందుకు వచ్చి ఇంగ్లీషులో మాట్లాడాడు. మెల్లగా, ఒక్కో మాటా తూచినట్టు. ఆయన ఇంగ్లీషులో మాట్లాడగా నేను వినడం అదే మొదలు. చుట్టూ బల్లల దగ్గర కలాలు ఆగిపోయాయి.

"మీరెవరండీ?" అన్నాడు మేనేజరు కుర్చీలో సర్దుకుంటూ.

"ఉప్పు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనోణ్ణయ్యా. ఈ పాపకు ఇంగ్లీషు నేర్పినోణ్ణి. ఆ మాట తప్పు. నేర్పినోడిగా ఆ తప్పులో నాకూ పాలుంది."

"ఇది ఆఫీసు వ్యవహారం. బయటివాళ్లు..."

"ఒక మనిషి కథ చెప్పి పోతాను."

జవాను కథ అక్కడే, అంతమంది ముందు, నిలబడి చెప్పాడు. తన పేరు, తన సంతకం, తన మౌనం, ఏదీ దాచుకోలేదు. బల్ల అంచు పట్టుకునే చెప్పాడు. చెప్పడం అయిపోయాక, "నా రిపోర్టు చదివిన దొర, ఆ జవానును పిలిచి ఒక్క మాట అడిగుంటే బాగుండేదయ్యా. తమరు ఈ పాపను అడగండి" అన్నాడు.

మేనేజరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తరువాత ఒక తెల్లకాగితం నా వైపు జరిపాడు. "మొదటి కాగితం చించను. ఫైల్లోది తీయకూడదు. ఇంకోటి రాయి, రెండూ పెడతాను."

నేను తాత వైపు తిరిగాను. ఏం రాయాలో ఆయనే చెప్తాడనుకున్నాను.

"నువ్వే రాయి పాపా" అని తాత బయటికి వెళ్లి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు.

ఆ కాగితం మీద నేను రాసిన ఇంగ్లీషులో ఒక్క పెద్ద మాట లేదు. వాన పడుతోంది. నా బల్ల మీద కప్పు కారుతోంది. ఫైలు తడవకూడదని బీరువాలో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. అది నా తప్పు. జ్వరం వచ్చి రెండు రోజులు రాలేదు. ఆ జాలరి నా వల్ల వానలో రెండుసార్లు తిరిగాడు, అందుకు నేను బాధపడుతున్నాను. అంతే.

తిరుగు బస్సెక్కించేటప్పుడు అడిగాను. "చిన్న మాటలతోనే పనైపోతే ఇన్నాళ్లూ అంత పెద్ద మాటలు ఎందుకు నేర్పినావు తాతా?"

"వాడేదానికి గాదు పాపా. రేపు ఎవురన్నా మనమీద వాడితే, తెలుసుకునేదానికి."

పైనుంచి ఉత్తర్వు రావడానికి పదిరోజులు పట్టింది. ఆ పదిరోజులు నేనెట్లా గడిపానో చెప్పలేను. టపా బంట్రోతు చెప్పుల చప్పుడు వినబడితే రాస్తున్న కలం ఆపేసేదాన్ని. చివరికి హెచ్చరికతో వదిలేశారు. జాలరికి పడవ అప్పు మంజూరైంది. నేను ఎదురుపడి తప్పు నాదేనని చెప్పుకుంటే ఆయన, "అయితే ఇప్పుడు వచ్చింది గదమ్మా" అని వెళ్లిపోయాడు. మరుసటి ఏడు నా ఉద్యోగం పర్మనెంటయ్యింది.

తాతకు మాత్రం అక్కడితో తీరలేదు. ఒకసారి నోరు తెరిచాక ఆగలేకపోయాడు. కాలువ మీద పడవలు నడిపేవాళ్లను, దక్షిణాది ఉప్పు మళ్ల కూలీలను, కనబడిన ప్రతివాణ్ణీ జవాను సంగతి అడిగాడు. రెండేళ్ల తరువాత ఆచూకీ దొరికింది. జవాను ఎప్పుడో పోయాడు. కూతురు సూళ్లూరుపేట వైపు ఒక పల్లెలో ఉంది. ఆమెకు తాత తెలుగులో ఉత్తరం రాశాడు. ఎన్ని చిత్తులు రాసి చించాడో! డిక్షనరీ కింద ఆ ఉత్తరం ఒక రాత్రి కాదు, పదహారు రాత్రులు ఉంది. చివరికి అవ్వే తీసుకుపోయి పోస్టు డబ్బాలో వేసింది.

నాలుగు నెలలు జవాబు రాలేదు. పోస్టుమాను వచ్చే వేళకు తాత వీధిలోకి వచ్చి నిలబడేవాడు, అతను దాటిపోతే ఏమీ ఎరగనట్టు లోపలికి పోయేవాడు. తరువాత ఒక కార్డు వచ్చింది. ఎవరి చేతనో రాయించింది. మా నాయన మిమ్మల్ని ఏనాడూ ఒక్క మాట అనలేదు, పని ఎందుకు పోయిందో ఆయనకు చివరిదాకా తెలియదు అని ఉంది అందులో.

నేను చదివి వినిపించాను. ఊరట కలుగుతుందనుకున్నాను. తాత కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "తిట్టుంటే బాగుండు" అన్నాడు.

ఆ తరువాత ప్రతి పండుగకూ ఆ కూతురికి ఒక ఉత్తరం రాసేవాడు. ఆమె కూడా కార్డు ముక్క రాసేది. బిడ్డ పుట్టింది, ఆవు ఈనింది, అట్లాంటివి. వాటిని నా చేత మళ్లీ మళ్లీ చదివించుకునేవాడు. కిందటేడు కంట్లో పొర కమ్మాక ఇంగ్లీషు పేపరు కూడా నేనే చదవాల్సి వచ్చింది. ఏదైనా మాట దగ్గర నేను తడబడితే, "ఆగు, దాన్ని దాటి పోబాకు" అనేవాడు. ఆదివారాలు కూడా సెలవు దొరక్క ఈ వేసవిలో రెండు నెలలు ఊరికి పోలేదు. ఆ బాధ ఏ మాటతోనూ తీరేది కాదు.

మూడోరోజు ఫాతిహా ప్రార్థనకు వెళ్లాను. అవ్వ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని నా జడ సవరించింది. "చివర్న ఏమన్నాడు అవ్వా?" అని అడిగాను. "నీళ్లడిగినాడు. తాగినాడు. చాలన్నాడు" అంది.

సాయంత్రం తిరుగు ప్రయాణానికి ముందు ఎందుకో కాలువ దాటి ఉప్పు మళ్ల వైపు నడిచాను. సముద్రం మీద నల్లగా మబ్బు లేస్తోంది. కూలీలు, ఆడా మగా, తాటాకులు మోసుకుంటూ పరుగులు తీస్తున్నారు. తెల్లటి ఉప్పు కుప్పలను ఒక్కొక్కటే కప్పుతూ, ఆకు మీద బరువులు పెడుతూ, ఒకరినొకరు కేకలేసుకుంటున్నారు. పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. అందరూ సవక తోట కిందికి ఉరికారు. ఒక్క ముసలాయన మాత్రం వెనకబడ్డాడు. కుప్ప కుప్పకూ పోయి, వంగి, ఆకు అంచులు చేత్తో తడిమి చూస్తున్నాడు. చివరి కుప్ప దాకా వెళ్లి, ఒక క్షణం నిలబడి, మళ్లీ మొదటి కుప్ప దగ్గరికి నడిచాడు.